చంద్రపూర్ హాల్లో నాలుగడుగుల బొగ్గుబాయి

మా ఏలూరులో బోర్డులు రాసేవాడికి ఇప్పుడు పని లేదు. ఫ్లెక్సీలు వచ్చి మా కుంచెలను అటకెక్కించి చాలా కాలమైంది. అందుకే "కాకా, మీరు జర చంద్రపూర్ వచ్చి తెలుగు అట్టలు రాసియ్యాలె" అని స్రవంతి ఫోన్ చేస్తే ఎంత దూరం, ఎన్నాళ్లు అని కూడా అడగకుండా సరేనన్నాను. అడగాల్సినవన్నీ తర్వాత మా ఆవిడ అడిగింది. చంద్రపూర్ మహారాష్ట్రలో ఉందని చెప్పాను. "మహారాష్ట్రలో తెలుగు అట్టలు ఎవరు చదువుతారు?" అంది. నాకు కోపం వచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ అడిగే ప్రశ్నలకు నాకు జవాబు తెలియనప్పుడల్లా కోపమే వస్తుంది.

స్రవంతి నాకు రెండేళ్ల కిందట పరిచయం. విజయవాడలో చేతిరాత అక్షరాలు నేర్పే చోటికి నన్ను పిలిచినప్పుడు, నేర్చుకోవడానికి అంత దూరం నుంచి వచ్చింది. చంద్రపూర్ పక్కన పద్మాపూర్ బొగ్గు గనుల దగ్గర పుట్టిన తెలుగు పిల్ల. వాళ్ల తాత కరీంనగర్ వైపు నుంచి గని పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడట. నాగపూర్‌లో బొమ్మలు వేయడం చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటుంది. ఆ జిల్లాలో మామూలు మనుషులు తమ తమ చోట్ల గురించి చేసిన వస్తువులన్నీ ఒక హాల్లో చేర్చి చూపించాలని ఆమె, ఆమె స్నేహితులు తలపెట్టారు. దానికి పెట్టుకున్న విషయం ఒక్కటే, జాగా. మరాఠీలోనూ అదే మాట, అక్కడి తెలుగులోనూ అదే మాట. ప్రతి వస్తువు పక్కనా మరాఠీలో ఒక అట్ట, హిందీలో ఒక అట్ట, తెలుగులో ఒక అట్ట ఉండాలి. తెలుగుది నా వంతు.

బల్లార్షాలో దిగిన ఘనత

కాగజ్‌నగర్ దాటాక కిటికీ బయట స్టేషన్ బోర్డుల మీద నా కన్ను పడింది. అది వృత్తిలో వచ్చిన జబ్బు, ఎక్కడికి వెళ్లినా ఊరికంటే ముందు ఊరి పేరు చూస్తాను. గుండ్రటి అక్షరాలు అయిపోయి, నెత్తిన గీత ఉన్న అక్షరాలు మొదలయ్యాయి. పత్తి చేలు మాత్రం ఏ రాష్ట్రమో చెప్పకుండా అలాగే సాగిపోతున్నాయి.

నా ఎదురుగా కూర్చున్న పెద్దావిడది విరూర్ దగ్గర ఒక పల్లె. ఎన్నో తరాల నుంచి అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న తెలుగువాళ్లట. కాగజ్‌నగర్‌లో ఉన్న చెల్లెలిని చూసి తిరిగి వెళ్తోంది. ఒళ్లో సంచి నిండా సీతాఫలాలు.

"ఏడికి పోతున్నరు సారు?"

"చంద్రపూర్ అండి."

"అండి అంటుండు సూడుండ్రి!" అని పక్కనున్న వాళ్లకు నన్ను చూపించి నవ్వి, మెత్తటి సీతాఫలం ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది. మా వైపు పరాయి మనిషికి పండు ఇవ్వాలంటే ముందు ఊరు, పేరు, పిల్లలెంతమంది అన్నీ విచారిస్తాం. ఆమె ముందు పండు ఇచ్చి, అది తింటుండగా విచారించింది. ఇదే మంచి పద్ధతి అనిపించింది, నోరు నిండా పండు ఉన్నవాడు ఎక్కువ అబద్ధాలు చెప్పలేడు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాను. "నేను, మా ఆయన తెలుగే. పోరగాండ్లు మాతోని తెలుగుల మాట్లాడి, వాళ్లల్ల వాళ్లు మరాఠిల నవ్వుకుంటరు" అంది. ఇంతలో విరూర్ స్టేషన్ వచ్చింది. బండి ఆగకుండా వెళ్లిపోయింది. "గదిగో సారు, మా ఊరికి గట్లనే పోవాలె. బండి ముంగటికెల్లే పోతది గని ఆగదు. బల్లార్ష దాక పోయి మళ్ల ఎనుకకు రావాలె" అని వేలితో చూపించింది. నేను తల తిప్పేలోపు ఆ ఊరు కాస్తా వెనకబడిపోయింది.

బల్లార్షాలో సగం డబ్బా ఖాళీ అవుతుంటే ఇదే మా ఊరనుకుని, ఆమె సంచీ ఒక చేత్తో, నా సంచీ ఒక చేత్తో పట్టుకుని హుందాగా దిగాను. ఆమెను మెట్ల దాకా సాగనంపి వెనక్కి తిరిగి బోర్డు చదివాను. జీవితమంతా బోర్డులు రాసినవాణ్ని, దిగిన తర్వాత చదివాను! బండి తీరిగ్గా కదిలి నన్ను వదిలేసి చంద్రపూర్ వెళ్లిపోయింది. స్రవంతికి ఫోన్ చేస్తే అరనిమిషం నవ్వింది. "బల్లార్షల దిగిండ్రా? కొత్తగ వచ్చినోళ్లు మస్తు మంది గట్లనే చేస్తరు కాకా. ఆటోల రండ్రి" అంది. ఆ ఆటోలో నాతో కలిపి పదిమందిమి, ఒక మేకపిల్ల. మేకపిల్లకు నాకంటే మంచి చోటు దొరికింది.

తర్రి

మర్నాడు పొద్దున్న జట్‌పురా గేటు దగ్గర ఒక బండి ముందు నిలబెట్టి స్రవంతి నాకు టిఫిన్ పెట్టించింది. పోహా అన్నారు. మన అటుకుల ఉప్మాయే కదా అని ధైర్యంగా ప్లేటు అందుకున్నాను. బండివాడు గరిటె పైకెత్తి "తర్రి?" అన్నాడు. తెలియని మాటకు తల ఊపకూడదని ఇంత వయసొచ్చినా నేర్చుకోలేదు, ఊపాను. అటుకుల మీద ఎర్రటి శనగల పులుసు ధారగా పోశాడు. రెండో ముద్దకు నా కళ్లజోడు తడిసింది. గుంటూరు మిరపకాయ పక్కన పెరిగినవాణ్నని లోపల ఉన్న గర్వం మూడో ముద్దకు కరిగిపోయింది. పాతిక రూపాయలకు కడుపు నిండింది, ముక్కు కూడా శుభ్రపడింది. అక్కడున్న మూడు రోజులూ అదే తిన్నాను.

ఆ గేటు గోండు రాజుల కోటది. మా వైపు అయితే దాని చుట్టూ కంచె వేసి టికెట్టు పెట్టేవాళ్లు. ఇక్కడ దాని కిందుగానే స్కూలు ఆటోలు, కూరగాయల బళ్లు హారన్లు కొట్టుకుంటూ దూరి వెళ్తున్నాయి. రాజుల గేటు ఇంకా పనిలోనే ఉన్నందుకు నాకు అసూయ కలిగింది. నాకు లేని ఉద్యోగం దానికుంది.

హాలు అక్కడికి దగ్గరే. నేను వెళ్లేసరికి వస్తువులు సర్దుతున్నారు. ఆవర్‌పూర్ సిమెంటు టౌన్‌షిప్ నుంచి ఒక టీచరమ్మ గడపల ముందు విడిచిన చెప్పుల బొమ్మలు గీసి తెచ్చింది. అక్కడ అన్ని రాష్ట్రాల వాళ్లూ ఉంటారట, ఏ ఇంట్లో చెప్పులు జంటగా విడుస్తారో, ఏ ఇంట్లో తలో దిక్కు విసిరేస్తారో ముప్పై బొమ్మల్లో చూపించింది. వాటిలో తలో దిక్కు ఉన్న జత దగ్గర ఆగి "ఇది మావాళ్లదేనా?" అన్నాను. ఆమె మర్యాదకు నవ్వి ఊరుకుంది. కోర్పనా వైపు నుంచి ఒక రైతు ఇల్లాలు పన్నెండు చాటలు పంపింది. ఒక్కో చాటలో ఒక్కో చేని మట్టి, నల్లదనం దేనిది దానిదే. వాటి పేర్లు మరాఠీవో తెలుగువో ఎవరికీ తెలియదు, ఆ చేలకు అవి పేర్లు, అంతే. అన్నీ బుద్ధిగా రాశాను.

హాలు చివర నల్లటి రంగేసిన ప్లైవుడ్డు సొరంగం ఒకటి ఉంది. రెండు వైపులా తెరిచిన పొడుగాటి పెట్టెలా, లోపల కప్పును మోస్తూ దుంగలు నిలబెట్టి ఉన్నాయి. డెబ్బై దాటిన సన్నటి మనిషి ఒకాయన కర్రతో దాని పైకప్పును టకటకా కొడుతూ, చెవి ఒగ్గి వింటున్నాడు. తర్వాత నా వైపు వచ్చాడు. నేను బల్ల వేసుకున్న చోట తలమీద ఉన్న సీలింగును కూడా కర్రతో రెండు దెబ్బలు కొట్టి మొహం చిట్లించాడు.

"సారు, ఈడ కూసోకుండ్రి. జర అటు జరుగుండ్రి. గీ కప్పు మంచిగ లేదు. డొల్ల మోగుతుంది."

"గది థర్మాకోల్ తాతా!" అని అవతల నుంచి స్రవంతి అరిచింది. "పడ్డా ఏం గాదు."

"ఏదైతేంది? కింద మనిషి కూసున్నంక కప్పు కప్పే" అని ఆయన నా రంగు డబ్బాలు తనే ఎత్తి పక్కకు పెట్టాడు.

అదే కొమురయ్యతో నా పరిచయం. ఆయన బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు చేసింది అదే పని. బాయి అంటే వాళ్ల మాటలో గని. లోపల బొగ్గు పేల్చిన తర్వాత అందరికంటే ముందు వెళ్లి, కర్రతో కప్పు కొట్టి, మోత విని, అవసరమైన చోట దుంగలు నిలబెట్టాలి. గట్టిగా ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే కింద ఎవరూ ఉండకూడదు. ఆయన ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్లినా ముందు కప్పు వైపు చూసి తర్వాత మనిషి వైపు చూస్తాడని స్రవంతి చెప్పింది. బోర్డులు చూసే నా జబ్బుకు తోడు దొరికిందని నాకు సంతోషం వేసింది.

తను పనిచేసిన బాయికి నమూనాగా ఆయన కట్టిన ఆ సొరంగం బాగుంది, ఏడడుగుల ఎత్తు. లోపల వరసగా బల్బులు. నేను తల వంచకుండా ఇటు నుంచి అటు నడిచి వచ్చి మెచ్చుకున్నాను. కొమురయ్య మాత్రం నా మెప్పు విననట్టే నిలబడ్డాడు.

పద్మాపూర్‌లో భోజనం

ఆ మధ్యాహ్నం కొమురయ్య నన్ను తన ఇంటికి భోజనానికి తీసుకెళ్లాడు. స్రవంతి వాళ్లకు పొరుగు పిల్ల, స్కూటరు మీద ముగ్గురం వెళ్లాం. దారికి రెండు వైపులా చెట్ల ఆకుల మీద నల్లటి నుసి. కొమురయ్య భార్య రాజవ్వ గడపలోనే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. చిన్న మనిషి, గొంతు మాత్రం పెద్దది.

జొన్నరొట్టె, నువ్వులు దంచి వేసిన వంకాయ, పచ్చిపులుసు. పచ్చిపులుసు నేను కూర అనుకుని రొట్టెతో తిన్నాను. "గది బువ్వల పోసుకునేది సారు" అని రాజవ్వ నా ప్లేటులో అన్నం పెట్టి తనే పోసింది. నేను కాఫీ అడుగుతానేమోనని స్రవంతి ముందే ఆమెను హెచ్చరించిందట. ఎక్కడి నుంచో ఒక కాఫీ పొట్లం సంపాదించి, అందులో అల్లం దంచి వేసి ఇచ్చింది. తాగాను. ప్రేమతో ఇచ్చినదాని రుచి గురించి రాయకూడదు.

తినేంతసేపూ ఆమె భర్త కడుతున్న బాయి గురించే మాట్లాడింది.

"మస్తు సంబురమైతుంది సారు. ముప్పై నాలుగేండ్లు ఆయన పోవుడు వచ్చుడు సూసిన గని, లోపట ఎట్లుంటదో ఎన్నడు సూడలే. ఆడోళ్లను దిగనియ్యకపోతుండ్రి. ఎల్లుండి సూస్త. లోపట నిలువుగ నడుస్తరట సారు! రైలు టేషన్ లెక్క బత్తులట. బువ్వ తినెటందుకు బల్లలు, కుర్చీలట. ఎండకాలం మేం ఈడ రేకుల కింద ఉడికిపోతుంటే, ఆయన లోపట సల్లగ!"

నేను కొమురయ్య వైపు చూశాను. ఆయన రొట్టెను మరీ చిన్న ముక్కలు చేస్తున్నాడు. ఆయన బట్టతల మీద, మెడ కింద పాత గాట్లు కనిపించాయి. నేను చూడడం రాజవ్వ గమనించింది.

"గవా? సైకిలు దెబ్బలు. ఆయనకు సైకిలు ఎన్నడు సక్కగ రాలే సారు. వారానికోసారి పడేటోడు. సూసి సూసి సైకిలు అమ్మిచ్చిన. ఆయెంక నడిసే పోతుండె."

"సైకిలు అమ్మినంక కూడా తాకుతుండె గదా అవ్వా?" అంది స్రవంతి.

"నడుసుడు గూడ రాదు బిడ్డా ఆయనకు" అంది రాజవ్వ, ఎంతో జాలిగా.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వాక సిగ్గేసింది. ఆయన చెప్పిన ప్రతి మాటా ఆమె అంత భద్రంగా దాచుకుంది, ఆమెకు ఆ ఇంట్లో అంతకంటే విలువైన వస్తువు లేనట్టు. తిరిగి వచ్చేటప్పుడు కొమురయ్య నన్ను వీధి మలుపు దాకా నడిపించాడు.

"ఇన్నరు గద సారు."

"విన్నానండి."

"లగ్గమైన కొత్తల ఏడుస్తుండె. నేను బాయికి పోతే అన్నం ముట్టకపోతుండె. ఏం చెయ్యాలె? లోపట మంచిగుంటదని చెప్పిన. ఒకటి చెప్తే దాన్ని నిలవెట్టనీకి ఇంకోటి చెప్పాలె గదా. గట్ల ముప్పై నాలుగేండ్లు నిలవెట్టిన." తన ఇంటి వైపు ఒకసారి తిరిగి చూసి, "నేను పనిచేసిన కాడ కప్పు దిగి, నేల ఉబ్బి నాలుగడుగులే ఉండె సారు. అందరు గట్ల గాదు. నా నసీబు. ఆమె సూడనీకి వస్తదని ఏడడుగులు కట్టిన" అన్నాడు.

ఓదెలు వచ్చి చూశాడు

మర్నాడు పొద్దున్న కొమురయ్యతో కలిసి పనిచేసిన నలుగురు ముసలివాళ్లు హాలుకు వచ్చారు. వాళ్లలో ఓదెలు అనే ఆయనకు నడుము వంగిపోయింది, నేలను చూస్తూ నడుస్తాడు. ఆయన సొరంగంలోకి ఒక వైపు నుంచి వెళ్లి మరో వైపు నుంచి బయటికి వచ్చాడు. అంత వంగిన మనిషి తలకూ కప్పుకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటుంది.

"కొమురన్నా, గిది బాయా, పెండ్లి పందిరా?"

ఎవరూ నవ్వలేదు. స్రవంతి చాయ్ తెప్పిస్తానన్నా తాగకుండా నలుగురూ వెళ్లిపోయారు. కొమురయ్య చాలాసేపు ఒక స్టూలు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి, స్క్రూలు విప్పే పనిముట్టు అడిగి తీసుకుని పైకప్పు పలకలు ఊడదీయడం మొదలుపెట్టాడు. నేనూ, స్రవంతీ వెళ్లి పట్టుకున్నాం.

"నాతోని దిగి నడుములు వోయినోళ్లు సారు వాళ్లు. వాళ్లకు పందిరి సూపెట్టుడేంది?" అన్నాడు, ఎవరో తనతో వాదిస్తున్నట్టు.

సాయంత్రానికి కప్పు నాలుగడుగులకు దిగింది. దుంగలన్నీ కోసి పొట్టివి చేశాడు. బల్బులు తీసేశాడు, లోపలికి వెళ్లేవాళ్లు నెత్తికి కట్టుకునే దీపం ఒక్కటే. అప్పుడు అట్ట మీద ఏం రాయాలో చెప్పాడు. నేను కుంచెతో రాశాను: "నేను పనిచేసిన జాగా ఇది. ఎత్తు నాలుగడుగులు. ఇంతే ఉండేది. తల వంచి రండి. కొమురయ్య."

రంగు ఆరకముందే ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"సారు, ఆమెకు సదువు రాదు. మిమ్ముల్నే సదువుమంటది. జర వేరే తీరుగ సదువుండ్రి. పిల్లలు ఆడుకునెటందుకు చిన్నగ కట్టిండ్రని, అసలుది పెద్దగుంటదని సదువుండ్రి. ఒక్క అబద్ధమే సారు."

స్రవంతి "తాతా, ఇప్పుడన్న అవ్వకు చెప్పరాదు" అంది. ఆయన వినలేదు. ఆమె ఈ వయసులో వెనక్కి తిరిగి ముప్పై నాలుగేళ్లూ మళ్లీ భయపడాలా అన్నాడు. నాకు అదీ సబబుగానే తోచింది. సరేనన్నాను. నేను అన్నిటికీ ముందు సరేనంటాను.

చదివించుకున్నవాళ్లు

ప్రదర్శన తెరిచిన రోజు హాలు కిక్కిరిసింది. పద్మాపూర్ నుంచి, రాజురా వైపు నుంచి తెలుగువాళ్లు బళ్లు కట్టించుకుని మరీ వచ్చారు. నేను నా అట్టల పక్కన కొత్త చొక్కా వేసుకుని నిలబడ్డాను. వాళ్లు వచ్చి అట్ట వైపు చూసి, నా వైపు చూసి, "ఏం రాసిండ్రు సారు?" అని అడిగారు. ఒకరు కాదు, అందరూ అడిగారు. బడిలో మరాఠీ చదువుకున్న పిల్లలకు నా గుండ్రటి అక్షరాలు అందమైన ముగ్గుల్లా కనిపించాయట, ఫోటోలు తీసుకున్నారు. మా ఆవిడ మాటే గెలిచింది. మధ్యాహ్నానికి అన్ని అట్టలూ చదివి చదివి నా గొంతు బొంగురుపోయింది. అయినా నాకు ఏ లోటూ తోచలేదు. బోర్డు రాసి వెళ్లిపోవడమే తప్ప, రాసినదాన్ని నా నోట వినాలని ఇంతమంది నా చుట్టూ నిలబడటం నేను ఎన్నడూ ఎరగను.

రాజవ్వ చిలకపచ్చ చీర కట్టుకుని నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ముందు చెప్పుల బొమ్మలు చూసింది. చాటల్లో మట్టిని వేళ్లతో నలిపి వాసన చూసింది. అన్నీ చూసి, సొరంగం దగ్గరికి వచ్చి, దాని ఎత్తు చూసి ఆగిపోయింది. కొమురయ్య అవతలి వైపు ఒక దుంగను పట్టుకుని నిలబడ్డాడు.

"గిది సదువుండ్రి సారు."

నేను గొంతు సవరించుకున్నాను. "ఇది... అంటే... పిల్లలు ఆడుకోవడానికని చిన్నగా... అసలుదైతే చాలా పెద్దగా..."

"సారు" అంది రాజవ్వ. "నేను వచ్చినప్పటిసంది ఇంటున్న. మీరు అన్ని గడగడ సదివిండ్రు. గిది రాసింది మీరే గదా, గిదొక్కటే గిట్ల ఎందుకు ఆగుతుంది?"

అప్పుడే ఓదెలు ఆ సొరంగంలోంచి ఒంగి బయటికి వచ్చాడు. కండువాతో మొహం తుడుచుకుంటూ "అచ్చం గట్లనే కట్టినవ్ కొమురన్నా. అచ్చం గట్లనే" అన్నాడు. రాజవ్వ పక్కనే ఉన్నట్టు ఆయన చూడలేదు.

ఆమె ఓదెలును చూసింది, ఆయన వంగిన నడుమును చూసింది. మళ్లీ నా వైపు తిరిగి "ఉన్నది ఉన్నట్టు సదువుండ్రి" అంది. నేను కొమురయ్యను చూశాను. ఆయన తల దించుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివాను. నాలుగే ముక్కలు, చివర ఆయన పేరు.

"మరి సైకిలు?" అని ఆమె భర్తను అడిగింది. ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. దీపం కూడా తీసుకోకుండా తల వంచి లోపలికి వెళ్లింది. కొమురయ్య దీపం పట్టుకుని ఆమె వెనకే దూరాడు. స్రవంతి వెళ్లబోతుంటే ఓదెలు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

ప్లైవుడ్డు గోడలు ఏ మాటనూ దాచవు. ఆమె గాజులు గోడకు రాసుకోవడం వినిపించింది. తల కప్పుకు టక్కున తగలడం వినిపించింది. "అమ్మో" అనలేదు. రెండు మూడు అడుగులు నడిచి ఆగినట్టుంది.

"గింతేనా?"

"గింతే."

"బువ్వ ఏడ తింటుంటివి?"

"గీడనే. గిట్ల గొంతుకూసొని."

ఆమె అక్కడ కూర్చున్నట్టుంది, చీర చప్పుడైంది. కూర్చున్న చోటి నుంచే ఆమె గొంతు వచ్చింది. అంత పెద్ద గొంతు ఎంత చిన్నదైపోయిందో.

"షిఫ్టు దిగి ఇంటికి రాంగనే కావడి ఇచ్చి బోరింగు కాడికి తోలితి గదయ్యా నిన్ను. దినమంత సల్లగ కూసొని వచ్చిండు, రెండు బిందెలు మోస్తే ఏం పోయిందని. వాడకట్టోళ్లు వద్దన్నా వినకపోతి. ఒక్కనాడన్న నడుము నొస్తుందని చెప్పకపోతివి. కావడి కోసం నువ్వే ఉరికి వస్తుంటివి."

"కావడి బుజాన వెట్టుకుంటే నిలువుగ నడవాలె గదనే" అన్నాడు కొమురయ్య. "దినమంతల నేను నిలువుగ నడిసేది గప్పుడొక్కటే. గందుకే ఉరుకుతుంటి."

వాళ్లు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. సొరంగం చూడడానికి నిలబడ్డవాళ్ల వరస హాలు గుమ్మం దాటి బయట ఎండలోకి పోయింది. ఒక్కరూ తొందర పెట్టలేదు.